వంటగది గీసిన ఆవిడకి పని ఎందుకు ఇవ్వలేదు

ఒంగోలులో నేను ఇళ్ల ప్లాన్లు గీస్తుంటాను. రెండు సెంట్ల స్థలంలో రెండు బెడ్రూములు, హాలు, పూజగది, బయట మెట్లు కావాలని వచ్చేవాళ్లే ఎక్కువ. టేబుల్ చుట్టూ కూర్చునేది ఇంటాయన, ఆయన బామ్మర్ది, ఒక్కోసారి మేస్త్రీ. వంటగది ఆగ్నేయంలో పడిందా లేదా అన్నదాని మీద అరగంట మాట్లాడతారు. గట్టు ఎంత ఎత్తుండాలి, సింకు పొయ్యికి ఏ పక్కన ఉండాలి, గంజి వార్చడానికి వేడి గిన్నె పట్టుకుని ఎన్ని అడుగులు వేయాలి అని అడిగేవాళ్లు అరుదు.

పోయిన వేసవిలో కందుకూరు వైపు నుంచి ఒకావిడ భర్తతో కలిసి వచ్చింది. మాటలన్నీ అయిపోయి లేచేటప్పుడు, "అమ్మాయ్, గట్టు కాస్త కిందికి వచ్చేట్టు చూడమ్మా. ఇప్పుడున్న ఇంట్లో కూరలు తరిగితే భుజాలు పట్టేస్తున్నాయి" అంది. ఆవిడని గోడకి ఆనించి నిలబెట్టి టేపు పట్టాను. మోచేయి నేల నుంచి 36 అంగుళాల దగ్గర ఉంది. ఇప్పుడున్న గట్టు ఎంతుందో వాళ్లాయనకి తెలియదు. ఇంటికెళ్లి కొలిచి ఫోన్ చేశాడు, 35 అని. గట్టు మోచేతికి మూడు నాలుగు అంగుళాలు కిందుగా ఉంటేనే చేతికి బలం వస్తుంది. అంటే ఆ ఇంట్లోకి వెళ్లిన నాటి నుంచి ఆవిడ భుజాలు పైకెత్తుకునే వంట చేస్తోంది. ప్లానులో 32 అని రాసి, మేస్త్రీ కంట పడేలా ఎర్ర పెన్నుతో చుట్టాను.

వంట చేసే మనిషి ఎంత దూరం నడుస్తుంది, ఎక్కడ వంగుతుంది, చెయ్యి ఎక్కడిదాకా అందుతుంది అన్న లెక్కతో గది గీసి, ఆ పద్ధతిని వేల ఇళ్లలోకి తీసుకెళ్లిన ఆవిడ పేరు మార్గరెటే షూటె-లిహోట్స్కీ. 1897 జనవరి 23న ఆస్ట్రియా రాజధాని వియన్నాలో పుట్టారు. ఆస్ట్రియాలో ఆర్కిటెక్చర్ చదివి ఆ వృత్తిలో నిలబడిన తొలి మహిళల్లో ముందు చెప్పుకునే పేరు ఆవిడదే. 1942లో ఆవిడకి మరణశిక్ష వేయమని నాజీ ప్రాసిక్యూటర్ కోరాడు. ఆ కథ భయంకరమైనదే, అయినా అర్థం చేసుకోవడం కష్టం కాదు. నాజీలు ఎవరో, ఎదిరించినవాళ్లని ఏం చేసేవాళ్లో మనకి తెలుసు.

నాకు చాలాకాలం అర్థం కానిది ఆ తర్వాత జరిగింది. హిట్లర్ పోయాడు. ఆవిడ సొంత ఊరికి తిరిగొచ్చారు. యాభై ఏళ్ల వయసు, నాలుగైదు దేశాల్లో పనిచేసిన అనుభవం. ఊళ్లో బాంబులకి కూలిన ఇళ్లు వేలల్లో ఉన్నాయి. కట్టడం తెలిసిన ప్రతి మనిషీ కావలసిన సమయం అది. అలాంటి ఊరు ఆవిడని పక్కన కూర్చోబెట్టింది. కేసు లేదు, శిక్ష లేదు, నిషేధం అని ఎక్కడా రాసి లేదు. పని మాత్రం రాలేదు. ఈ ముడి విప్పాలంటే ముందు ఆవిడ కట్టిన ఇళ్ల దగ్గరికి వెళ్లాలి, ఎందుకంటే ఆవిడ రాజకీయం పుట్టింది ఉపన్యాసాల్లో కాదు, కూలివాళ్ల గదుల్లో.

1915లో వియన్నాలోని కళాశాలలో చేరినప్పుడు ఆవిడ కలిగిన కుటుంబపు పిల్ల. ఆడపిల్ల ఇల్లు కట్టించడమేమిటి, ఎవరు పని ఇస్తారు అన్నవాళ్లే అందరూ. కార్మికుల ఇళ్ల మీద ఒక పోటీ పెట్టినప్పుడు ఆవిడ గురువు ఓస్కార్ స్ట్రనాద్ ఒక మాట చెప్పాడు: గీత గీసే ముందు వాళ్ల పేటకి వెళ్లి, వాళ్లు ఎలా బతుకుతున్నారో చూసి రమ్మని. ఆవిడ వెళ్లి చూసింది ఇదీ: ఒకే గదిలో వంట, పడక, స్నానం. నీళ్ల కొళాయి బయట నడవలో, అంతస్తు మొత్తానికి ఒకటి. మరుగుదొడ్డి నలుగురితో పాటు. అద్దె కట్టలేక మంచాన్ని కూడా గంటల లెక్కన అద్దెకిచ్చేవాళ్లు. రాత్రి డ్యూటీవాడు లేచి వెళ్తే పగటి నిద్రకి ఇంకొకడు అదే పరుపు మీద పడుకునేవాడు. ఆ పోటీలో 1917లో ఆవిడకి బహుమతి వచ్చింది. అంతకంటే పెద్ద సంగతి, ఆ గదులు చూశాక ఆవిడ ఇక డబ్బున్నవాళ్ల బంగ్లాల వైపు చూడలేదు.

మొదటి ప్రపంచయుద్ధం 1918లో ముగిసేసరికి ఆస్ట్రియా-హంగరీ సామ్రాజ్యం ముక్కలైంది, వియన్నాలో తిండి లేదు, పొయ్యిలోకి కట్టె లేదు. జనం ఊరి అంచులకి వెళ్లి చెట్లు కొట్టి, నేల చదును చేసి, బంగాళాదుంపలు వేసుకుని గుడిసెలు కట్టుకున్నారు. మొదట అది ఆక్రమణే. తర్వాత నగరపాలన వాళ్లకి తోడు నిలబడి, ఆ కాలనీల కోసం ఒక కార్యాలయం పెట్టింది. ప్రసిద్ధ ఆర్కిటెక్ట్ అడోల్ఫ్ లోస్ దాని ముఖ్య ఆర్కిటెక్టు, లిహోట్స్కీ ఆయనతో పనిచేశారు.

ఇది చదివినప్పుడు నాకు చీరాల గుర్తొచ్చింది. ఆ రోజుల్లోనే, 1921లో, మన చీరాల-పేరాల జనం మునిసిపాలిటీ పన్ను కట్టబోమని ఊరే ఖాళీ చేశారు. దుగ్గిరాల గోపాలకృష్ణయ్య గారి పిలుపు మీద ఊరి బయట పాకలు వేసుకుని, దానికి రామనగర్ అని పేరు పెట్టుకుని పదకొండు నెలలు ఎండకీ వానకీ ఓర్చుకున్నారు. వియన్నా జనం అడివికి వెళ్లింది ఆకలితో, చీరాల జనం బయటికి వెళ్లింది పంతంతో. కారణాలు వేరు. కానీ సొంత చేత్తో కట్టుకున్న ఇంట్లో ఉన్నవాళ్లకి ఒక ధైర్యం వస్తుంది. ఆ ధైర్యమంటే అధికారానికి ఎక్కడైనా గిట్టదు. దుగ్గిరాల వారు జైలుకి వెళ్లారు. వియన్నా కార్మికుల ఇళ్ల మీద కక్ష తీర్చుకునే రోజు పదమూడేళ్ల తర్వాత వచ్చింది; ఆ సంగతి కాసేపటికి చెబుతాను.

ఆ కాలనీల కోసం లిహోట్స్కీ ఒక ఇల్లు గీశారు. ముందు చేతిలో ఉన్న డబ్బుతో చిన్న ఇల్లు, తర్వాత జీతం పెరిగితే ఒక గది, పిల్లలు పెరిగితే ఇంకో గది, ఏదీ పడగొట్టకుండా చేర్చుకుంటూ పోయేట్టు. 1923లో వియన్నా టౌన్‌హాల్ ముందు దాని నమూనా కట్టి చూపించారు. మనవాళ్లకి ఇది వివరించక్కర్లేదు. కావలిలో గాని కనిగిరిలో గాని ఏ డాబా ఎక్కినా పిల్లర్ల చువ్వలు పైకి వదిలేసి, తుప్పు పట్టకుండా సిమెంటు పాలు పూసి ఉంటాయి, పిల్లాడికి ఉద్యోగం వస్తే పైన వేసుకుందామని. పేదవాడి ఇల్లు ఒక్కసారిగా కట్టేది కాదు, కట్టుకుంటూ ఉండేది అన్న సంగతి ఆవిడ కాగితం మీదకి ఎక్కించారు.

1926లో ఎర్నెస్ట్ మే అనే ఆర్కిటెక్ట్ పిలుపుతో జర్మనీలోని ఫ్రాంక్‌ఫర్ట్ వెళ్లారు. అక్కడ నగరపాలన కార్మికుల కోసం వేల ఇళ్లు కడుతోంది. ఆ ఇళ్లలోకి గీసిందే ఫ్రాంక్‌ఫర్ట్ కిచెన్. వెడల్పు 1.9 మీటర్లు, పొడవు 3.4 మీటర్లు. మన లెక్కలో ఆరడుగుల పైచిలుకు, పదకొండడుగుల పైచిలుకు. మొత్తం 70 చదరపు అడుగులు. ఇవాళ మన అపార్ట్‌మెంట్లలో వేసే వంటగదులు చాలావరకు దాని మనవరాళ్లే.

ఆ గదిని కాస్త దగ్గరగా చూద్దాం. ఆవిడకి నమూనా రైలు భోజనశాల: బోగీలో ఒక మూల ఇరుకు గదిలో ఇద్దరు మనుషులు డజన్ల మందికి వండి పెడుతున్నారంటే ఇంట్లో ఎందుకు కుదరదు? ఒక వంట పూర్తయ్యేలోపు మనిషి ఎటెటు నడిచింది, ఎంత సేపు పట్టింది అని గడియారం పెట్టి చూశారు. కిటికీ కింద బల్ల, తరగడానికి వెలుతురు. దాని ముందు ఎత్తు మార్చుకునే తిరుగుడు స్టూలు, అంటే వంట నిలబడే చేయాలని లేదు. బల్లకే ఒక సందు, తొక్కులు అందులోంచి కింద సొరుగులో పడతాయి. గిన్నెలు కడిగి పెడితే వాటంతటవే నీళ్లోడి ఆరిపోయే అర. గోడకి మడిచిపెట్టే ఇస్త్రీ బల్ల. పైన పట్టీ మీద జరిపే దీపం, పని ఎక్కడుంటే వెలుగు అక్కడికి. వరసగా అల్యూమినియం సొరుగులు, ఒక్కోదాని మీద బియ్యం, పంచదార, పప్పు అని పేరు. పిడి పట్టి లాగి మూతి నుంచి నేరుగా గిన్నెలోకి వంచొచ్చు. పిండికి మాత్రం ఓక్ చెక్క పెట్టె, పురుగు పట్టదని. చెక్కలకి నీలం కలిసిన పచ్చ రంగు, ఆ రంగు మీద ఈగలు వాలవని అప్పట్లో నమ్మకం.

మా అమ్మ పోపుల పెట్టె నాకు ఎప్పుడూ ఇలాగే అనిపిస్తుంది. ఆవాలు, జీలకర్ర, మినప్పప్పు, మెంతులు, ఎండుమిర్చి, పసుపు, నడుమ చిన్న చెంచా. నూనె కాగుతున్న ఆ పది సెకన్లలో చెయ్యి ఎటూ వెతక్కూడదు. ఆ పెట్టెను ఎవరు కనిపెట్టారో ఎవరూ రాసిపెట్టలేదు. కానీ వంట చేసేవాళ్లకి తమ పని గురించి ఎంత లెక్క తెలుసో దాన్ని చూస్తే తెలుస్తుంది. లిహోట్స్కీ ఆ పెట్టె లెక్కని గది అంతటికీ పరిచారు. అలాంటి గదులు దాదాపు పదివేలు ఫ్రాంక్‌ఫర్ట్‌లో వెలిశాయి, వాటి ఖర్చు అద్దెలోనే కలిపారు.

దీని మీద ఒక గట్టి విమర్శ ఉంది. 1970ల నుంచి స్త్రీవాదులు అడుగుతూ వచ్చారు: ఒక్క మనిషి మాత్రమే పట్టే గది గీశావంటే ఆ ఒక్క మనిషి ఎవరని నీ ఉద్దేశం? భర్త సాయానికి వద్దామన్నా చోటు లేదు కదా? ఈ ప్రశ్నను నేను తోసెయ్యలేను. నెల్లూరులో మా పిన్ని ఉండే టిడ్కో ఇల్లు 300 చదరపు అడుగులది. వంటగదిలో ఆవిడ ఒక్కతే పడుతుంది. చేపల పులుసు పెట్టిన రోజు మిగతావాళ్లందరూ హాల్లో కూర్చుని వాసన చూడ్డమే. అయితే లిహోట్స్కీ ఆ గదిని పక్క గదికి జరుపుడు తలుపుతో కలిపారు, ఆడుకునే పిల్లలు తల్లి కంటి ముందే ఉండాలని. పొగలో, మసిలో, పడక పక్కనే వంట చేసిన తరానికి అది పెద్ద విడుదల. తర్వాత తరానికి అదే గోడ అయింది. రెండూ నిజమే. ఆవిడ మాత్రం వంటగది ఒక్కదానితో ఆగలేదు, జీవితమంతా శిశుకేంద్రాలు గీస్తూనే ఉన్నారు. పిల్లల్ని చూసే చోటు లేకుండా ఆడమనిషికి బయట పని ఎక్కడిది?

ఇంకో సంగతి. ఆడమనిషి కాబట్టి వంటగది బాగా గీసింది అని అందరూ అనేస్తారు. అది గీసేనాటికి తనకి వంటే రాదని, ఇల్లు నడిపి ఎరగనని ఆవిడే చెప్పేవారు. ఆడతనంతో కాదు, వండేవాళ్లని గమనించి, కొలిచి గీశారు. ఆ తేడా నాకు ముఖ్యం.

ఇక రాజకీయం. పేదలకి ఇల్లు కట్టడం ఎవరికి కోపం తెప్పిస్తుంది? వియన్నాలో 1919 నుంచి సోషల్ డెమోక్రాట్ల పాలన. 1923 నుంచి ఇళ్ల కోసం ప్రత్యేక పన్ను వేశారు, పెద్ద ఇళ్లవాళ్ల మీద ఎక్కువ భారం పడేట్టు. ఆ డబ్బుతో 1934 లోపు అరవై వేలకి పైగా ఫ్లాట్లు కట్టారు. పన్ను కట్టినవాళ్లకి అవి ఇళ్లలా కనిపించలేదు, శత్రువు కోటల్లా కనిపించాయి. 1934 ఫిబ్రవరిలో అంతర్యుద్ధం చెలరేగినప్పుడు దేశాన్ని ఏలుతున్న డోల్‌ఫుస్ ప్రభుత్వ సైన్యం కార్ల్ మార్క్స్ హోఫ్ అనే గృహ సముదాయం మీద ఫిరంగులు పేల్చింది. కాపురాలున్న ఇళ్ల మీద. తర్వాత సోషల్ డెమోక్రాట్ల పార్టీనే నిషేధించారు. వియన్నా కార్మికుల ఇళ్ల మీద కక్ష తీరే రోజు అన్నానే, అది ఇదే. దూబగుంట ఆడవాళ్లు సారా కొట్టు మూయించిన నెల్లూరు జిల్లాలో, ఇంటి గుట్టు ఎప్పుడు రాజకీయమవుతుందో కొత్తగా చెప్పాల్సిన పని లేదు.

ఆ ఫిరంగులు పేలినప్పుడు లిహోట్స్కీ ఊళ్లో లేరు. 1930లోనే ఎర్నెస్ట్ మే బృందంతో సోవియట్ యూనియన్ వెళ్లారు. యూరల్ కొండల దగ్గర మాగ్నితోగోర్స్క్ లాంటి ఉక్కు నగరాలు నిలబెట్టే పని. పిల్లల కేంద్రాల బాధ్యత ఆవిడది. 1937 దాకా ఉన్నారు. ఆ ఏళ్లలో అక్కడ స్టాలిన్ పోలీసులు లక్షల మందిని ఎత్తుకెళ్లారు. ఆ తర్వాతే ఆవిడ కమ్యూనిస్టు పార్టీలో చేరారు, చివరిదాకా కమ్యూనిస్టుగానే ఉన్నారు. ఆవిడని ఎంత ఇష్టపడినా ఈ ముక్క దగ్గర నా మనసు గట్టిగా ఆగుతుంది. ఒక చోట అణచివేతని ఎదిరించి ప్రాణం పణంగా పెట్టిన మనిషి ఇంకో చోటి అణచివేత విషయంలో ఆ గొంతు ఎత్తలేదు. ఇది దాచి ఆవిడ కథ చెప్పడం అన్యాయం. దీని కోసం ఆవిడకి పని లేకుండా చేయడం న్యాయం అనుకోవడం కూడా అంతే అన్యాయం.

1938లో ఇస్తాంబుల్ చేరారు. బ్రూనో టౌట్ అనే పేరున్న జర్మన్ ఆర్కిటెక్ట్ పిలిపించాడు. కళాశాలలో ఉద్యోగం, భర్త విల్‌హెల్మ్ షూటె తోడు, టర్కీ పల్లెల కోసం బడుల నమూనాలు గీసే పని. అక్కడే హెర్బర్ట్ ఐక్‌హోల్జర్ అనే ఆస్ట్రియన్ ఆర్కిటెక్ట్ పరిచయమయ్యాడు, నాజీలకి వ్యతిరేకంగా రహస్యంగా మనుషుల్ని కూడగట్టేవాడు. 1939లో ఆవిడ ఆస్ట్రియా కమ్యూనిస్టు పార్టీలో చేరారు. ఆస్ట్రియా అప్పటికే హిట్లర్ చేతిలో ఉంది. 1940 డిసెంబరులో, వియన్నాలోని రహస్య బృందానికీ బయటివాళ్లకీ సంబంధం కలిపే పని మీద, భద్రంగా ఉన్న ఇల్లు వదిలి ఆవిడ ఆ ఊరికి బయల్దేరారు. కొన్ని వారాల్లో తిరిగి రావాలని అనుకున్నారు.

నెల కూడా తిరగలేదు. లోపలివాడే ఒకడు నాజీల రహస్య పోలీసులైన గెస్టపోకి సమాచారం ఇస్తున్నాడు. 1941 జనవరి 22న, ఎర్విన్ పుష్మన్ అనే నాయకుణ్ణి కలుసుకున్నప్పుడు ఇద్దరినీ పట్టుకున్నారు. తెల్లవారితే ఆవిడకి 44 ఏళ్లు. 1942 సెప్టెంబరులో విచారణ జరిగింది. ప్రాసిక్యూటర్ మరణశిక్ష అడిగినా 15 ఏళ్ల కఠిన శిక్ష పడింది. పుష్మన్‌నీ ఐక్‌హోల్జర్‌నీ 1943 జనవరిలో తల నరికి చంపారు. ఆవిడని బవేరియాలోని ఐఖాఖ్ మహిళా జైలుకి పంపారు. 1945 ఏప్రిల్ 29న అమెరికా సైన్యం వచ్చి తలుపులు తెరిచేదాకా అక్కడే. మొత్తం నాలుగేళ్ల మూడు నెలలు.

ఇప్పుడు మొదటి ప్రశ్నకి వద్దాం. 1946లో బల్గేరియా రాజధాని సోఫియాలో శిశుకేంద్రాలు గీసి, 1947లో వియన్నా తిరిగొచ్చారు. ఊళ్లో మళ్లీ సోషల్ డెమోక్రాట్లదే పాలన. ఒకప్పుడు ఆ కాలనీల కార్యాలయంలో ఆవిడతో పనిచేయించింది కూడా వాళ్లే. ఇళ్లు మళ్లీ వేలల్లో కడుతున్నారు. మరి ఎందుకు పిలవలేదు?

పిలవనిది నాజీలు కాదు, ఒకప్పుడు ఒకే వైపు నిలబడ్డవాళ్లు. ముడి అసలు ఇక్కడుంది. యుద్ధం అయ్యాక ఆస్ట్రియాని నాలుగు దేశాల సైన్యాలు పంచుకున్నాయి, వాటిలో సోవియట్ సైన్యం ఒకటి. తూర్పు యూరప్‌లో ఒక్కో దేశం కమ్యూనిస్టుల చేతిలోకి వెళ్తుంటే వియన్నాలో భయం పట్టుకుంది. ఆ భయం ఉత్తుత్తిది కాదు. కానీ ఆస్ట్రియా కమ్యూనిస్టు పార్టీకి 1945 ఎన్నికల్లో వచ్చింది ఐదు శాతం పైచిలుకు ఓట్లు. 1947 నవంబరులో ఆ పార్టీ ప్రభుత్వం నుంచి బయటికి వచ్చింది. ఆ తర్వాత కమ్యూనిస్టు అన్న ముద్ర ఉంటే చాలు, సర్కారు పనికి దూరమే. మరోపక్క 1948లో చిన్న స్థాయి నాజీ పార్టీ సభ్యులకి క్షమాభిక్ష వచ్చింది. లక్షల మంది; తర్వాతి ఏడాది ఎన్నికల్లో వాళ్ల ఓట్ల కోసం పెద్ద పార్టీలు రెండూ పోటీపడ్డాయి. అంటే నాజీగా ఉన్నవాడికి తిరిగి రావడానికి దారి దొరికింది. నాజీలు జైల్లో వేసిన ఆవిడకి దొరకలేదు.

ఇలాంటి అణచివేత ఎలా పనిచేస్తుందో నేను పుస్తకాల్లో కాదు, ఇంట్లో చూశాను. మా నాన్న చిన్న కాంట్రాక్టర్. ఒక పంచాయతీ ఎన్నికలో ఆయన నిలబడ్డ పక్షం ఓడిపోయింది. అప్పటికే ఒక బడికి ప్రహరీ కట్టి ఉన్నాడు. ఎవరూ తిట్టలేదు, కేసు పెట్టలేదు. ఆఫీసుకి వెళ్తే కుర్చీ వేసి టీ కూడా ఇచ్చేవాళ్లు. బిల్లు మాత్రం మూడేళ్లు పెండింగ్. "సార్ రాలేదు", "కొలతలు మళ్లీ తీయాలి", "పై నుంచి ఫండ్ రాలేదు." ఆ మూడేళ్లలో అమ్మ గాజులు వెళ్లిపోయాయి, నాన్న ఇంకో పని పట్టలేకపోయాడు. ఎవరి మీద ఫిర్యాదు చేయాలి? ఫైలు కదల్లేదు, అంతే. జైలుకి వెళ్లినవాడికి ఊళ్లో పేరైనా ఉంటుంది. ఫైలు కదలనివాణ్ణి చేతకానివాడంటారు.

ఆర్కిటెక్టుకి ఇది ఇంకా గట్టిగా తగులుతుంది. కథ రాసేవాళ్లని నిషేధిస్తే పెట్టె అడుగున దాచైనా రాస్తారు, పాట కట్టేవాళ్లు గొంతులో దాచుకుంటారు. ఇల్లు దాచి కట్టలేం. స్థలం కావాలి, డబ్బు కావాలి, అనుమతి కావాలి, మేస్త్రీ నుంచి మునిసిపాలిటీ దాకా నలభై మంది చేతులు కావాలి. అందులోనూ ఆవిడ కట్టాలనుకున్నవి శిశుకేంద్రాలు, కూలివాళ్ల ఇళ్లు. అవి కట్టించేది సర్కారు ఒక్కటే. ఆ తలుపు మూసుకుంటే వేరే తలుపు లేదు. పైగా మీరెందుకు ఇవ్వలేదని అడిగితే, ఇంకొకరికి ఇచ్చామంటే సరిపోతుంది. పని ఇవ్వకపోవడానికి కాగితం అక్కర్లేదు. అందుకే ఈ రెండో అణచివేత చాలాకాలం ఎవరి కంటా పడలేదు.

ఆ ఏళ్లలో వియన్నా నగరం నుంచి ఆవిడకి వచ్చినవి వేళ్ల మీద లెక్కపెట్టొచ్చు: కొద్దిపాటి ఫ్లాట్ల పని, కపౌన్‌ప్లాట్స్ అనే చోట 1950లో మొదలై 1952లో పూర్తయిన శిశుకేంద్రం, రిన్‌బ్యోక్ వీధిలో 1961-63లో కట్టిన మరో శిశుకేంద్రం. కమ్యూనిస్టు పార్టీ ప్రచురణాలయం గ్లోబస్ భవనం ఇతరులతో కలిసి చేశారు, అది పార్టీ పని. నాజీలకి బలైనవాళ్ల స్మారకాలు కొన్ని గీశారు. ఆ రెండు శిశుకేంద్రాల మధ్య తొమ్మిదేళ్లు. ఒక ఆర్కిటెక్టుకి యాభై నుంచి డెబ్బై దాకా వయసు పంట చేతికొచ్చే కాలం. చూసిందంతా, చేసిన తప్పులన్నీ అప్పుడే పనికొస్తాయి. చైనా, క్యూబా, తూర్పు జర్మనీ ఆవిడని సలహాలకి పిలిచాయి. సొంత ఊళ్లో ఆవిడ గీసిన కాగితాలు గోడలు కాలేదు.

గౌరవం చాలా ఆలస్యంగా వచ్చింది. 1980లో వియన్నా నగరం ఆర్కిటెక్చర్ అవార్డు ఇచ్చింది, అప్పటికి 83 ఏళ్లు. 1985లో జైలు, ప్రతిఘటన రోజుల జ్ఞాపకాలు పుస్తకంగా వచ్చాయి. ఇంటర్వ్యూకి వచ్చేవాళ్లు మాత్రం అందరూ ఆ వంటగది గురించే అడిగేవాళ్లు. ఇలా దాని గురించే మాట్లాడతారని ముందే తెలిసుంటే ఆ పాడు వంటగది గీసేదాన్నే కాదని ఆవిడ విసుక్కున్నారు. ఆ విసుగు వెనక బాధ నాకు అర్థమవుతుంది. జైలుకెళ్లిన మనిషిని, పల్లె బడులు గీసిన మనిషిని, ఉక్కు నగరంలో పిల్లలకి గదులు గీసిన మనిషిని తీసుకొచ్చి మళ్లీ వంటింట్లో నిలబెట్టారు.

1988లో దేశపు పెద్ద పురస్కారం ప్రకటిస్తే పుచ్చుకోలేదు. ఇవ్వాల్సింది అధ్యక్షుడు కుర్ట్ వాల్ట్‌హైమ్. హిట్లర్ సైన్యంలో ఆయన యుద్ధకాలపు గతం గురించి అప్పటికే ప్రపంచమంతా మాట్లాడుతోంది. అధ్యక్షుడు మారాక 1992లో తీసుకున్నారు. 1995లో యోర్గ్ హైడర్ అనే నాయకుడు పార్లమెంటులో నాజీ నిర్బంధ శిబిరాల్ని శిక్షా శిబిరాలు అన్నాడు, అక్కడున్నవాళ్లు ఏదో నేరం చేసి శిక్ష అనుభవించినట్టు. 98 ఏళ్ల వయసులో ఆవిడ మరికొందరితో కలిసి ఆయన మీద కోర్టుకెళ్లారు. రెండేళ్ల తర్వాత నూరేళ్ల పండుగ నాడు వియన్నా మేయరుతో వాల్ట్జ్ నాట్యం చేశారు. 2000 జనవరి 18న, 103 నిండడానికి ఐదు రోజుల ముందు, ఫ్లూ ముదిరి కన్నుమూశారు.

చివరి ముప్పై ఏళ్లు ఆవిడ ఉన్నది వియన్నాలో ఫ్రాన్జెన్ వీధిలో, తన కోసం తనే గీసుకున్న చిన్న ఫ్లాట్‌లో. దాన్ని బాగుచేసి 2022 నుంచి జనం చూడ్డానికి తెరిచారు. ఎప్పుడైనా వెళ్లగలిగితే సంచిలో టేపు పెట్టుకుని వెళ్తాను. ఆ వంటగట్టు నేల నుంచి ఎన్ని అంగుళాలుందో కొలిచి చూడాలని ఉంది.